రెండు రాజ్యాల హద్దులో చెరువు



ఈమధ్య ఒకనాడు సాయంత్రం వాకిట్లో కూర్చుని కందిబేడల్లో రాళ్ళేరుతుంటే, అమెరికాలో వుంటున్న మా చెల్లెలి కూతురు ఫోనుకు ఒక ఫోటో పంపింది. కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు నాలుగు రోజులు సెలవు దొరికితే వెళ్ళివచ్చే చోటట అది. పేరు తాహో సరస్సు. చుట్టూ కొండలు, మధ్యన నీళ్ళు. పక్కన మంచం మీద వున్న మా అత్తమ్మకు చూపించాను. ఆమెకు ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది మా కంభం చెరువు కదే!" అన్నది.

"కాదత్తమ్మా, అమెరికా" అంటే నమ్మలేదు. ఆమె పుట్టింది కంభం వైపు. అప్పట్లో అది కర్నూలు జిల్లాయే. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు అటు వెళ్ళాయి. తర్వాత దానికే ప్రకాశం జిల్లా అని పేరొచ్చింది. మా అత్తమ్మకు మాత్రం కంభం ఇప్పటికీ కర్నూలు జిల్లాలోనే వుంది.

"సరే, యాడిదైతేనేమి. ఆ సెరువును ఎవురు చూసుకుంటారంట?" అని అడిగింది.

అది కాలిఫోర్నియా, నెవాడా అనే రెండు రాష్ట్రాల హద్దులో వుందని, రెండు ప్రభుత్వాలూ కలిసి చూసుకుంటాయనీ చెప్పాను. ఆమె తల అడ్డంగా వూపింది. "ఇద్దరు సూసుకునేదాన్ని ఒకరూ సూసుకోరు పాపా" అన్నది.

ఆ మాట విని నాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే ఆరున్నర శతాబ్దాల కిందట మన కడప జిల్లాలోనే ఒక శాసనంలో ఇదే సంగతి రాతిమీద చెక్కించి పెట్టారు. ఆ శాసనం గురించీ, కొండల నడుమ చెరువుల గురించీ, వాటిని కాపాడ్డానికి ప్రభుత్వాలు ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు కలవవు అన్న దాని గురించీ ఈ రోజు నాలుగు మాటలు చెప్తాను.

ముందు కంభం చెరువు సంగతి. చూడనివారు ఒకసారి చూడదగిన చోటు. మా బనగానపల్లె వైపు నుంచి వెళ్ళేవాళ్ళు నంద్యాలలో గుంటూరు రైలెక్కితే చాలు. గాజులపల్లె దాటిన తర్వాత రైలు నల్లమలలోకి దూరుతుంది. కిటికీలోనుంచి రెండు పక్కలా కొండలూ, వెదురు పొదలూ తప్ప వేరే కనబడవు. సొరంగం వచ్చినప్పుడు పిల్లలు కేకలు పెడతారు. దిగువమెట్ట దిగి గిద్దలూరు, ఆ తర్వాత కంభం. ఆ కొండల్లోనే, ఇటు నంద్యాల జిల్లా వైపున గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ అటు దిగి ప్రవహిస్తుంది. ఒకచోట రెండు కొండల మధ్యన ఇరుకు సందులోనుంచి ఆ నది బయటికి పోవాలి. సరిగ్గా ఆ సందుకు అడ్డంగా కట్ట వేశారు. అంతే చెరువు. కొండలే మిగతా గోడలు.

ఈ చెరువును విజయనగర రాకుమార్తె వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. ఆమెకే రుచిదేవి అనీ పేరు. గుళ్ళు కట్టించిన రాణుల పేర్లు మనం చాలా విన్నాం గానీ, నదికి అడ్డకట్ట వేయించిన ఆడమనిషి పేరు ఎన్ని పాఠ్యపుస్తకాల్లో చదివాం? నూరేళ్ళకు పైబడిన పాత గెజిటీరు లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువులోకి నీళ్ళు దిగివచ్చే భూమి 430 చదరపు మైళ్ళు. దీనికింద నేరుగా పారే నేల 10,300 ఎకరాలు. నిండినప్పుడు చెరువు పొడవు సుమారు ఏడు కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘంవారు ప్రపంచ వారసత్వ నీటి కట్టడాల జాబితాలో దీన్ని చేర్చారు. అదే ఏడాది మన కె.సి. కెనాల్‌నూ, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువునూ కూడా చేర్చారు. మన కరువు సీమకు ఒక్క ఏడాదిలో ఇన్ని గౌరవాలు దక్కడం, అదీ నీళ్ళ విషయంలో దక్కడం, విని నవ్వుకున్నవాళ్ళు కూడా వున్నారు. నవ్వు ఎందుకు? వాన తక్కువైన చోటే కదా వాన నీటిని దాచుకునే విద్య పుడుతుంది. ఇంట్లో బియ్యం తక్కువగా వున్నప్పుడు కదూ మనం డబ్బాలో కొలగిన్నె వేసుకునేది!

ఇక ఆ శాసనం. పోరుమామిళ్ళలో భైరవుడి గుడి దగ్గర రెండు రాతిపలకల మీద సంస్కృతంలో వున్నది. శక సంవత్సరం 1291, అంటే 1369. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. భవదూరుడని ఆయనకు ఇంకో పేరు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా చెక్కించారు. వి.ఎస్. సుఖ్తంకర్ అనే పండితుడు దీన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా పద్నాలుగో సంపుటంలో ప్రకటించారు. చెరువు గురించి ఇంత శాస్త్రీయంగా మాట్లాడే శాసనాలు అరుదు.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు వుండాలంటుంది అది. ధర్మబుద్ధీ సంపదా వున్న రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, మంచినీళ్ళు తెచ్చే ఏరు, రెండు పక్కలా ఆనుకునే కొండ, ఆ కొండల నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, లోతూ విస్తారమూ వున్న గర్భం, దగ్గర్లో నిడుపాటి రాళ్ళు దొరికే గని, చుట్టూ చదునైన మంచి పొలాలు, పని తెలిసిన మనుషులు... ఇట్లా సాగుతుంది. చదువుతుంటే కంభం చెరువు కళ్ళ ముందు కనిపిస్తుంది.

ఆ తర్వాత ఆరు దోషాలు చెప్తుంది. కట్ట నుంచి నీళ్ళు కారడం ఒకటి. చవుడు నేల రెండోది. చెరువు నడిమధ్యన తాబేలు వీపులాగా మిట్ట వుండడం ఇంకోటి. నీళ్ళు కొంచెమై పారవలసిన నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల కొంచెం కావడం, ఇవి రెండూ దోషాలే. మిగిలిన ఆ ఒక్కటీ ఏమిటంటే, చెరువు రెండు రాజ్యాల హద్దులో వుండడం.

చూశారా! కట్ట కారడం, నేల చవిటిదవడం, ఇవి మట్టికీ రాతికీ సంబంధించిన లోపాలు. వాటి వరుసలోనే మనుషుల లోపాన్ని కూడా చేర్చారు. హద్దులో వున్న చెరువుకు కట్ట ఎంత గట్టిదైనా లాభం లేదని వాళ్ళ అనుభవం. కారణం తెలుస్తూనే వుంది. వానలు రాకముందు కట్టకు మన్ను వెయ్యాలంటే ఖర్చు ఎవరు పెట్టాలి? నీళ్ళు నిండితే ముందు ఎవరి పొలానికి వదలాలి? ఎగువ వాడు అడవి నరికితే దిగువ వాడి చెరువు పూడిపోతుంది, అడగబోతే అది వేరే రాజ్యం.

మా బనగానపల్లెకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. మాది ఒకప్పుడు నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా, నాలుగు వైపులా ఇంగ్లీషువాళ్ళ జిల్లాలు, నడుమ మా చిన్న రాజ్యం. మా అవ్వ చెప్పేది: "ఆ పక్క కుంఫిణోళ్ళది, ఈ పక్క నవాబుది. వాన మాత్రం రెండు పక్కలా ఒకటే కురుస్తాండ్య." మా జుర్రేరు కూడా హద్దురాళ్ళను అడిగి పారలేదు. కొండల్లోంచి వచ్చి కుందూలో కలవడమే దాని పని. ఆ లోయలో జ్వాలాపురం దగ్గర తవ్వితే, ఎక్కడో సుమత్రాలో 74 వేల ఏళ్ళ కిందట పేలిన అగ్నిపర్వతపు బూడిద అడుగుల మందాన బయటపడింది. అప్పుడు అక్కడ నీటి మడుగు వుండేదనీ, బూడిద అందులో పడి పేరుకున్నదనీ పరిశోధకులు చెప్పారు. ఆ బూడిదను గిన్నెలు తోమే పొడికి తవ్వి తీసుకుపోయారు కూడా. సుమత్రా బూడిద జుర్రేరు మడుగుకు చేరడానికి ఎవరి అనుమతీ కావలసిరాలేదు. ఇది కొంచెం దారి తప్పిన మాటే గానీ, చెప్పకుండా వుండలేకపోయాను.

రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, ఇప్పుడు హద్దులెక్కడివి అంటారేమో. ఇప్పుడు ఒక్కొక్క చెరువు మీదా నాలుగైదు రాజ్యాల హద్దులున్నాయి. కంభం చెరువునే తీసుకోండి. నీళ్ళు దిగివచ్చే కొండలు అటవీశాఖవి. కట్ట, తూములు, కాలువలు జలవనరుల శాఖవి. నీళ్ళలో పెరిగే చేప మత్స్యశాఖ లెక్కలోది. నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే ఒడ్డు భూమి రెవెన్యూవారి దస్త్రాలలోది. చూడవచ్చేవాళ్ళ సంగతి పర్యాటకశాఖది. చుట్టుపక్కల వూళ్ళ మురుగు, చెత్త పంచాయతీలవి. నది పుట్టేది ఒక జిల్లాలో, నిలిచేది ఇంకో జిల్లాలో. అందరూ ఒకే ప్రభుత్వం కిందివాళ్ళే, అయినా ఒకరి ఫైలు ఇంకొకరి బల్ల మీదికి రావాలంటే ఎంత కాలం పడుతుందో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు తెలుసు.

నా చిన్నప్పటి ముచ్చట ఒకటి. మా పుట్టినూళ్ళో చిన్న చెరువుండేది. చాలాకాలం పాటు నూరెకరాల లోపు పారే చెరువైతే పంచాయతీది, అంతకు మించితే ఇరిగేషన్‌వారిది అని ఒక పద్ధతి వుండేది. మా చెరువు ఆయకట్టు ఒక పుస్తకంలో నూరుకు కొంచెం తక్కువ, ఇంకో పుస్తకంలో నూరుకు కొంచెం ఎక్కువ. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో తూము పక్కన కట్టలో ఎండ్రకాయల బొక్కలు పడి నీళ్ళు కారడం మొదలైంది. మా నాయన, ఇంకో నలుగురు అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే "మాది కాదు, వాళ్ళది" అన్నారు. ఆ వాళ్ళ దగ్గరికి పోతే "మా పుస్తకంలో మీ చెరువు లేదు" అన్నారు. రెండు తట్టల మన్నుతో పోయే పని. ఆశ్వీజంలో ఒక రాత్రి పెద్ద వాన పడి, తెల్లవారేసరికి గండి. నీళ్ళన్నీ వంకలో కలిసిపోయాయి. మగవాళ్ళు ఆ ఏడు పంట పోయిందని బాధపడ్డారు. మాకు ఆ ఏడే కాదు, రెండేళ్ళు బావుల్లో ఊట పడిపోయింది. అమ్మ, పిన్నమ్మలు, నేను, తెల్లారకముందే లేచి మైలున్నర దూరం వంక చెలమల దగ్గరికి బిందెలెత్తుకుని పోయేవాళ్ళం. ఇసుకలో చెలమ తవ్వి, అది ఊరేదాకా కూర్చుని, చిప్పతో ముంచి బిందె నింపుకోవాలి. ఆ రెండేళ్ళలో నేను బడికి వెళ్ళిన రోజుల కన్నా వెళ్ళని రోజులే ఎక్కువ. ఆరు దోషాల్లో ఆ ఒక్కటీ ఏమిటో నాకు శాసనం చదవకముందే తెలుసునన్నమాట.

ఇప్పుడు మళ్ళీ తాహో దగ్గరికి వద్దాం. అక్కడ హద్దు నీళ్ళలోనుంచే పోతుంది. సరస్సు 22 మైళ్ళ పొడవు, 12 మైళ్ళ వెడల్పు, లోతు 1,645 అడుగులు. సముద్రమట్టానికి ఆరువేల అడుగుల పైన కొండల మధ్య దొన్నెలాంటి పల్లంలో వుంది. 63 ఏర్లు లోపలికి వచ్చి కలుస్తాయి, బయటికి పోయేది ఒక్కటే నది. అంటే లోపలికి ఏది వస్తే అది తొందరగా పోదు. మురికి వచ్చినా అంతే.

1950ల తర్వాత అక్కడ హోటళ్ళు, ఇళ్ళు, రోడ్లు విపరీతంగా పెరిగాయి. కొండ తవ్విన మన్ను, రోడ్ల దుమ్ము, మురుగు సరస్సులోకి దిగి నీళ్ళు పచ్చబడసాగాయి. 1968లో ఒక విశ్వవిద్యాలయం వారు కొలత మొదలుపెట్టారు. ఆ కొలత ఎంత సులువైనదో చెప్తే మీరు నవ్వుతారు. అన్నం పళ్ళెమంత తెల్లటి పలకను తాడుకు కట్టి నీళ్ళలోకి దింపుతారు. పైనుంచి చూస్తుంటే అది ఎంత లోతులో కనబడకుండా పోతుందో అంత నీటి తేటదనం. ఆ ఏడు సగటున 102 అడుగుల లోతుదాకా పళ్ళెం కనబడింది. 1997 నాటికి 64 అడుగులకు వచ్చింది. ఈ మధ్య ఏళ్ళలో అరవై, డెబ్భై అడుగుల మధ్యన వుంటూ వస్తున్నది. అంటే పాత తేటదనం ఇంకా తిరిగి రాలేదు. కానీ ఆ పళ్ళెం లెక్క మీద మాత్రం రెండు రాష్ట్రాలకూ తగాదా లేదు. ఇది చిన్న విషయం కాదు. మా వూరి చెరువుకు రెండు పుస్తకాల్లో రెండు లెక్కలుండబట్టే కదా గండి పడింది!

1969లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి, అమెరికా కాంగ్రెసు దాన్ని ఆమోదించింది. రెండు రాష్ట్రాల ప్రతినిధులతో ఒక ఉమ్మడి సంస్థ ఏర్పడింది. సరస్సు చుట్టూ ఎక్కడ ఏం కట్టాలన్నా దాని అనుమతి కావాలి. 1970లలో ఇళ్ళ మురుగునంతా శుద్ధిచేసి పైపుల్లో కొండ అవతలికి ఎత్తిపోసే ఏర్పాటు పూర్తిచేశారు. శుద్ధిచేసిన నీటిని కూడా సరస్సులోకి వదలరు.

ఇంతవరకు వింటే అంతా బాగానే వుంది. కానీ ఆ మొదటి ఒప్పందంలో ఒక కిటుకు వుండిపోయింది. కొత్త కట్టడాన్ని కాదనాలంటే ఇటు రాష్ట్రం వాళ్ళలోనూ అటు రాష్ట్రం వాళ్ళలోనూ విడివిడిగా ఎక్కువమంది కాదనాలి. 60 రోజుల్లో సంగతి తేలకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఏమవుతుంది? ఒక రాష్ట్రం కాదంటుంది, ఇంకోటి అవునంటుంది, గడువు దాటిపోతుంది, కట్టడం లేస్తుంది. నెవాడా ఒడ్డున జూదశాలల హోటళ్ళు ఈ సందులోంచే అనుమతి తెచ్చుకున్నాయి. కలిసి కూర్చోవడం ఒక్కటే చాలదు. తేలకపోతే ఏమిటన్నది ముందే రాసుకోవాలి. 1980లో ఒప్పందాన్ని సవరించి, తేలకపోతే తిరస్కరించినట్టేనని మార్చారు. ఈ ఒక్క మార్పే నా దృష్టిలో అసలు కాపలా. గడువు ఎవరి పక్షాన నడుస్తుందో చూసుకోకుండా సంతకం పెట్టినవాళ్ళు మన సంసారాల్లోనూ వున్నారు, వడ్డీ కాగితాల మీద.

అక్కడా అంతా సాఫీగా లేదు. నియమాలు మరీ బిగువుగా వున్నాయని 2011లో నెవాడా శాసనసభ, మార్పులు చెయ్యకపోతే ఒప్పందం నుంచి తప్పుకుంటామని చట్టం చేసింది. బేరసారాలు జరిగి 2013లో ఆ బెదిరింపును వెనక్కు తీసుకున్నారు. భార్యాభర్తలు విడిపోతామనుకుని పిల్లల కోసం ఆగినట్టు సరస్సు కోసం ఆగారన్నమాట.

మరి మన దగ్గర? హద్దులు దాటి నీళ్ళు నడిచిన కథ మనకూ వుంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ తమ కృష్ణ వాటాలోంచి చెరొక 5 టి.ఎం.సి.లు మద్రాసు నగరం తాగునీటికి వదులుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడుల మధ్య కాలువ ఒప్పందం కుదిరింది. అదే తెలుగుగంగ. వెలుగోడు, బ్రహ్మసాగరం మీదుగా మన సీమను తాకుతూ పోతుంది. నీళ్ళు పంచుకోవడానికి రాష్ట్రాలు కలిశాయి. నీళ్ళను కాపాడడానికి కలవడం అంతకన్నా కష్టం, ఎందుకంటే అందులో పంచుకోవడానికి ఏమీ వుండదు, మానుకోవడానికే వుంటుంది.

కొల్లేరు చూడండి. అది కొండ చెరువు కాదు, పల్లపు సరస్సు. అయినా పాఠం ఒకటే. 1970ల చివర ప్రభుత్వమే సహకార సంఘాలకు అందులో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. 1999లో ప్రభుత్వమే 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వమే గట్లు తెగ్గొట్టించింది. రెండు రాజ్యాలు అవసరం లేకుండానే ఒకే రాజ్యపు రెండు చేతులు రెండు పనులు చేశాయి. మధ్యన నలిగింది గట్ల మీద బతికేవాళ్ళూ, సరస్సూ కూడా. పులికాట్ మాటకొస్తే, అది నిజంగానే రెండు రాష్ట్రాలది. ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో. ఎవరి పక్షి సంరక్షణ కేంద్రం వారిది. సముద్రపు మొగలు ఇసుకతో పూడిపోతే రెండు వైపులా చేపలు తగ్గుతాయి, ఇసుకకు హద్దు తెలియదు గనక.

ఇలాంటి చోట్ల శాఖలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టడానికి కేంద్రప్రభుత్వం 2017లో చిత్తడినేలల నియమాలు చేసింది. రాష్ట్రానికొక సంస్థ, అందులో పర్యావరణం, జలవనరులు, మత్స్య, రెవెన్యూ, పర్యాటకం, గ్రామీణాభివృద్ధి, అందరూ సభ్యులు. చాలా మంచి ఏర్పాటు. మా అత్తమ్మకు చెప్దామనుకుని చదువుతూ పోతే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. సేద్యం కోసం మనుషులు కట్టిన చెరువులు ఈ నియమాల కిందికి రావు! తాగునీటికోసం కట్టినవీ రావు. అంటే కొల్లేరు, పులికాట్‌లకు కూర్చునే బల్ల వుంది. వరదరాజమ్మ కంభం చెరువుకూ, భాస్కరుడి పోరుమామిళ్ళ చెరువుకూ ఆ బల్ల దగ్గర చోటు లేదు. ఐదారు వందల ఏళ్ళుగా పక్షులూ చేపలూ మనుషులూ బతుకుతున్న నీళ్ళు, మనిషి చేతితో కట్టినవి గనక చిత్తడినేల కాదట. సేద్యపు చెరువులకు ఇబ్బంది రాకూడదనే ఆ మినహాయింపు ఇచ్చి వుంటారు. రైతు ప్రతిదానికీ అనుమతి అడగవలసి వస్తే కష్టమే. కానీ పెద్ద కొండ చెరువులకైనా ఒక ఉమ్మడి సంఘం వుంటే తప్పేమిటి?

తాహోకూ మన చెరువుకూ పట్టిన జబ్బు ఒకటే, మన్ను. వాళ్ళకు లోతు ఎక్కువ గనక మన్ను వల్ల తేటదనం పోతుంది. మనకు లోతు తక్కువ గనక మన్ను చేరితే చెరువే తగ్గిపోతుంది. కొండ మీద చెట్టు వుంటే వాన చినుకు ఆకుమీద పడి, మొదలు పట్టుకుని జారి, నేలలోకి ఇంకి నెమ్మదిగా వస్తుంది. చెట్టు లేకపోతే నేరుగా మట్టిని కొట్టి, ఎర్రనీరై ఒక్కసారిగా దిగుతుంది. తెచ్చిన మన్నును చెరువులో వదిలి మరవ దాటి పోతుంది (అలుగును మా వైపు మరవ అంటాం). మరవ ఎత్తు అంతే వుంటుంది, చూసేవాళ్ళకు చెరువు నిండినట్టే వుంటుంది. లోపల నీళ్ళ చోటులో మన్నుంటుంది. కొలగిన్నె అడుగున చింతపండు అంటించి పాలు కొలిచినట్టు! అందుకే పూడిక తీత ఒక్కటే చేసి అడవిని వదిలేస్తే మళ్ళీ కొన్నేళ్ళకు పూడుతుంది. పూడిక జలవనరుల శాఖది, చెట్టు అటవీశాఖది. ఈ రెండూ ఒకే ఏడు, ఒకే లెక్కతో పని చేస్తేనే ఫలితం.

పాతకాలంలో ఈ పనికి దశబంధం మాన్యాలుండేవి. చెరువు కట్టినవాళ్ళకో మరమ్మతు చేసేవాళ్ళకో భూమిలో వంతు ఇచ్చేవారు. నీళ్ళు వదలడానికి నీరుగంటి వుండేవాడు. అవన్నీ మంచివని నేను అనను. ఎవరు తట్ట మొయ్యాలి, ఎవరు పొలం పారించుకోవాలి అన్నది అప్పుడు కులాన్ని బట్టే వుండేది. ఆ ఏర్పాట్లు పోయాక 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఇక్కడే మన సంగతి వస్తుంది. ఆ సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి వున్నవాళ్ళకు. మన ఇళ్ళల్లో పట్టా ఎవరి పేరు మీద వుంటుంది? తాగునీళ్ళు తెచ్చేది, బట్టలు వుతికేది, బర్రెలను తోలేది, ఒడ్డున గడ్డి కోసేది మనం. చెరువు అడుగంటితే మొదట తెలిసేది మనకు. ఓటు మాత్రం మొగుడి పేరుతో వుంటుంది. ఇతరంగా నీళ్ళు వాడుకునేవాళ్ళు కూడా సభ్యులేనని చట్టం ఒప్పుకుంది, ఓటు మాత్రం ఇవ్వలేదు. అది కూడా రెండు రాజ్యాల హద్దే. ఒకటి పొలం రాజ్యం, ఒకటి వంటింటి రాజ్యం.

అయితే సభ్యులైనా సభ్యులమే గనక, పోయి కూర్చుని అడగవచ్చు. గ్రామసభలో అందరికీ ఓటుంది, అక్కడా అడగవచ్చు. చెరువు హద్దులు కొలిచి రాళ్ళు నాటారా? ఏ శాఖ పుస్తకంలో ఎన్నెకరాలుంది, అన్ని పుస్తకాల్లోనూ ఒకటే వుందా? ఈ ఏడు పూడిక ఎంత తీశారు, పైన మొక్కలు ఎన్ని నాటారు? కట్ట కారితే ఎవరికి చెప్పాలి, ఎన్నాళ్ళలో జవాబు రావాలి, రాకపోతే ఏమిటి? ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి. తాహోవాళ్ళకు అది నేర్చుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఇవన్నీ మా అత్తమ్మకు చెప్తే ఓపికగా విన్నది. శాసనం సంగతి చెప్పినప్పుడు "సూసినావా, నేను సెప్పలా!" అని సంతోషించింది. కొంచెంసేపు వూరుకుని, తన చిన్నప్పుడు కంభం చెరువు తూము దగ్గర ఫలానా మెట్టు దాకా నీళ్ళుంటే ఆ ఏడు రెండు కార్లు పండుతాయనీ, దానికి రెండు మెట్లు కిందికి వుంటే ఒక కారేననీ, వాళ్ళమ్మ ఆ మెట్టు చూసి వచ్చి గాదెలో గింజలు ఎంత వాడుకోవాలో లెక్క వేసుకునేదనీ చెప్పింది. తెల్ల పళ్ళెం కన్నా ముందే వీళ్ళకొక కొలత వుండేదన్నమాట.

వచ్చే కార్తీకంలో ఆమెను రైల్లో తీసుకువెళ్తామన్నాం. కళ్ళు సరిగా కనబడకపోయినా ఆ మెట్టును చేత్తో తడిమి గుర్తుపడతానంటున్నది. దానిమీద ఇప్పుడు నీళ్ళున్నాయో, మన్నుందో చూసి రావాలి.